మావారి పని బట్టలు, బాబు రక్తంలో సీసం

ఈ ఉత్తరం రాసిన సోదరి విజయవాడలో ఉంటారు. పేరు, వీధి వేయవద్దని కోరారు. ఆమె భర్త ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డులో పదేళ్లకు పైగా పెయింటరు. పాత లారీ వస్తే దాని రంగును గ్రైండరుతో గీకి, ఎమరీ కాగితంతో రుద్ది, లప్పం పెట్టి, ప్రైమరు కొట్టి, పైన పసుపు, నారింజ రంగులు స్ప్రే చేయడం ఆయన పని. షెడ్డు యజమాని ఆయనకు పెదనాన్న కొడుకు, అంటే ఈమెకు బావగారు. నాలుగేళ్ల బాబు కొంతకాలంగా సరిగా తినడం లేదు, ముఖం పాలిపోయింది, మాటిమాటికీ కడుపు నొప్పి అంటున్నాడు. పిల్లల డాక్టరు తండ్రి ఏం పని చేస్తారో అడిగి, రక్తంలో సీసం పరీక్ష రాశారు. డెసిలీటరుకు 14 మైక్రోగ్రాములు ఉన్నట్లు తేలింది. తండ్రి ఒంటిమీద, బట్టలమీద వచ్చే దుమ్మే కారణం కావచ్చని డాక్టరు చెప్పారు. ఆ మాట విన్న రాత్రి భర్త అన్నం ముట్టలేదట. అయినా తాను మాత్రం పరీక్ష చేయించుకోనని, చేయించుకుంటే పని పోతుందని భీష్మించుకు కూర్చున్నారు. ఆయనకూ మలబద్ధకం, కడుపులో మెలిపెట్టే నొప్పి, కీళ్ల నొప్పులు ఉన్నాయి. గ్యాస్ అనుకుని మాత్రలు వేసుకుంటున్నారు. ఆమెకు ఇప్పుడు అయిదో నెల.

షెడ్డులో పద్నాలుగు మంది పనిచేస్తారు. ఎవరికీ నియామక పత్రం లేదు, ఇ.ఎస్.ఐ. (కార్మికుల ఆరోగ్య బీమా) కార్డు లేదు. శనివారం సాయంత్రం డబ్బు చేతిలో పెడతారు. దుమ్ము పని ఎక్కువగా ఉన్న రోజున తలా ఒక బెల్లం ముక్క ఇస్తారు. ఈమధ్య చుట్టాలబ్బాయిని, పదహారేళ్ల కుర్రాడిని, రుద్దుడు పనిలో పెట్టుకున్నారు. ఇంటి స్థలం కొన్నప్పుడు బావగారు ఇచ్చిన రెండు లక్షల అప్పు ఇంకా తీరలేదు. "ఫిర్యాదు చేస్తే ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేసినట్టు, ఊరుకుంటే కడుపున పుట్టినవాడికి ద్రోహం చేసినట్టు ఉంది. అసలు మాలాంటి వాళ్లకు చట్టం ఉందా? ఉంటే దాన్ని కదిలిస్తే షెడ్డు మూతపడుతుందా? ఇప్పుడే పుట్టింటికి వెళ్లిపోనా?" అని అడిగారు.

మీ ఉత్తరంలో మూడు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. బాబు ఆరోగ్యం ఒకటి, మీవారి ఆరోగ్యం, పని ఒకటి, బావగారితో బంధుత్వం ఒకటి. మూడింటికీ ఒకే నిర్ణయంతో సమాధానం దొరకాలని చూస్తున్నారు కాబట్టే ఎటూ కదలలేకపోతున్నారు. మొదటిదానికి ఎవరి అనుమతీ అవసరం లేదు కనుక దానితోనే మొదలుపెడదాం.

రక్తంలో ఇంత వరకు ఉంటే ప్రమాదం లేదని చెప్పగల సీసం మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే అది ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలన్నది ఆ సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకం. అందువల్ల 14 అనేది తేలికగా తీసుకోవలసిన అంకె కాదు. అలాగని మందులతో సీసాన్ని బయటికి లాగే వైద్యం చేయవలసిన స్థాయి కూడా కాదు. పిల్లలకు ఆ చికిత్స 45కి చేరినప్పుడు ఆలోచిస్తారు. ఇప్పుడు బాబుకు కావలసింది సీసం వచ్చే దారి మూసుకోవడం, ఇనుము, కాల్షియం తగినంత ఉన్న తిండి, డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ పరీక్ష. ఎవరైనా విరుగుడు లేహ్యమో భస్మమో ఇస్తామంటే దగ్గరికి రానివ్వకండి. నాగభస్మం సీసంతో చేసేదే. ఇంట్లో విడిగా కొన్న పసుపు, సింధూరం, కళాయి పెట్టించిన పాత గిన్నెలు ఉంటే వాటి సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. తండ్రి బట్టలే ఏకైక కారణమని మనకు మనమే తీర్పు చెప్పుకోకూడదు.

అయినా అనుమానం ముందుగా ఆ బట్టల మీదికే పోతుంది. గీకిన రంగు దుమ్ము చొక్కా మడతల్లో, తలవెంట్రుకల్లో, చెప్పుల్లో, బండి సీటు మీద, అన్నం క్యారియరు పిడి మీద చేరి ఇంటికి వస్తుంది. గుమ్మంలోనే పరుగెత్తుకొచ్చే పిల్లవాడిని ఎత్తుకున్న తండ్రి మెడ దగ్గర బాబు ముఖం ఆనిస్తాడు. దుమ్ము లోపలికి పోవడానికి ఆ క్షణం చాలు. కాబట్టి మీవారు పని బట్టలు షెడ్డులోనే మార్చుకుని కవరులో కట్టి తేవాలి. అది కుదరకపోతే ఇంటి బయటే విప్పి, తలస్నానం చేసిన తరువాతే బిడ్డను తాకాలి. ఆ బట్టలను దులపకుండా నీళ్లలో వేసి, మిగతా వాటితో కలపకుండా ఉతకాలి. ఆ పని మీరు చేయవద్దు, ఆయననే చేయమనండి. గర్భిణి పీల్చిన సీసం కడుపులో బిడ్డకు చేరుతుంది. మీరూ ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. ఇల్లు చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవండి.

పుట్టింటికి వెళ్లడం గురించి నా అభిప్రాయం ఇదీ. కొన్నాళ్లు బాబుతో వెళ్లడం మంచిదే, మళ్లీ చేయించే పరీక్షలో అంకె తగ్గితే సీసం ఇంట్లోనుంచే వస్తోందన్న సంగతి కూడా తేటపడుతుంది. అయితే మీరు లేని రోజుల్లో మీవారు పాత అలవాటుకు పోతే, కాన్పు తరువాత పసిబిడ్డతో అదే దుమ్ములోకి తిరిగి వస్తారు. వెళ్లేముందే ఆయనతో బట్టల సంగతి తేల్చుకోండి.

ఇక చట్టం సంగతి. మీలాంటి వారికి చట్టం ఉందా అంటే, ఉంది. కానీ అది ఎప్పుడు మేలుకుంటుందో మీరు అర్థం చేసుకోవాలి. సీసం రంగుల నుంచి పెయింటర్లను కాపాడాలన్న ఆలోచన కొత్తది కాదు. 1921లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ జెనీవాలో ఒక ఒడంబడిక చేసి, భవనాల లోపలి రంగుపనిలో తెల్లసీసం (సీసంతో చేసే తెల్ల రంగు పొడి) వాడకాన్ని కొద్ది మినహాయింపులతో నిషేధించింది, పద్దెనిమిదేళ్లు నిండని కుర్రాళ్లను పారిశ్రామికమైన తెల్లసీసం రంగుపనిలో పెట్టకూడదంది. ఆ ఒడంబడికను భారతదేశం ఇప్పటికీ ఆమోదించలేదు. అదే సంస్థ 1925లో వృత్తి రోగాలకు, అంటే చేసే పనివల్ల వచ్చే జబ్బులకు, పరిహారం గురించి చేసిన ఒడంబడికను మాత్రం 1927లోనే ఆమోదించింది. సీసం విషప్రభావం ఆ జాబితాలో ఉంది. జబ్బు రాకుండా ఆపడం కంటే జబ్బు వచ్చాక లెక్కకట్టడం మన చట్టాలకు ముందునుంచీ ఎక్కువ అలవాటని నాకనిపిస్తుంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించకూడదని 2016 నవంబరులో కేంద్రం నియమాలు తెచ్చింది, మరుసటి ఏడాది నవంబరు నుంచి అవి అమల్లోకి వచ్చాయి. అవి గృహ, అలంకరణ రంగులకే పరిమితం. లారీలకు, యంత్రాలకు కొట్టే పారిశ్రామిక రంగులు వాటి పరిధిలో లేవు. మెరిసే పసుపు, నారింజ రంగులు చాలాకాలంగా సీసం కలిసిన లెడ్ క్రోమేట్‌తోనే వస్తున్నాయి. పాత లారీ మీద పొరలు పొరలుగా ఉన్నదీ అదే కావచ్చు. కాబట్టి కొత్త డబ్బా మీద 'సీసం లేదు' అని రాసి ఉన్నా గీకుడు పనిలో ప్రమాదం పోదు.

2025 నవంబరు 21 నుంచి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. దీనివల్ల మీ షెడ్డు స్థితి కొంత మారింది. పాత చట్టం ప్రకారం కరెంటు వాడే చోట పదిమంది ఉంటే అది ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో ఇరవై మంది ఉండాలి. పద్నాలుగు మందితో మీవారి షెడ్డు ఫ్యాక్టరీ నిర్వచనం నుంచి జారిపోయింది, ప్రమాదకర పనుల మీద ఫ్యాక్టరీలకు ఉండే అదనపు కట్టుబాట్లను ఇక్కడ గట్టిగా అడగడం కష్టం. అయితే పదిమంది గానీ అంతకు మించి గానీ ఉన్న ఏ పనిచోటైనా 'సంస్థ' కిందికి వస్తుంది కాబట్టి యజమాని సాధారణ బాధ్యతలు అన్నీ వర్తిస్తాయి. ప్రమాదం లేని పనిచోటు కల్పించాలి, ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలి, భద్రత కోసం ఇచ్చే వస్తువులకు గానీ వృత్తి రోగాన్ని కనిపెట్టే పరీక్షలకు గానీ కార్మికుడి దగ్గర పైసా తీసుకోకూడదు. అంటే మీవారి సీసం పరీక్షకు డబ్బు పెట్టవలసింది షెడ్డు. ఏడాదికోసారి చేసే ఉచిత పరీక్ష అని ఎక్కడైనా విన్నా దానితో తృప్తి పడకండి. బీపీ, షుగరు, హిమోగ్లోబిన్ చూసి పంపిస్తే సీసం కనబడదు. రక్తంలో సీసం అని డాక్టరు చీటీలో విడిగా రాయాలి.

ఆ కోడ్ మూడో షెడ్యూలులో ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన రోగాల పట్టిక ఉంది, అందులో మొదటిది సీసం విషప్రభావమే. కార్మికుడికి అది వచ్చిందని తెలిస్తే యజమాని తెలియజేయాలి. చికిత్స చేస్తున్న డాక్టరు అలా భావించినా, ఆలస్యం చేయకుండా ప్రధాన తనిఖీ అధికారి కార్యాలయానికి రాతపూర్వకంగా పంపాలి. ఇక్కడే మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ పట్టికలో కార్మికుడికే చోటు, కార్మికుడి బిడ్డకు లేదు. బాబు రిపోర్టు వైద్యానికి ఎంత ముఖ్యమైనా కార్మిక చట్టం దృష్టిలో దానికి విలువ లేదు. మీవారి రక్తంలో ఎంత ఉందో తెలిసిన రోజునే చట్టానికి పని పడుతుంది. పరీక్ష చేయించుకోకపోతే పని నిలుస్తుందని ఆయన అనుకుంటున్నారు, నిజానికి ఆ కాగితం లేకపోతే రేపు పని పోయినా, ఒళ్లు పోయినా అడగడానికి ఆధారం ఉండదు.

ఆయన పని మానేద్దామనుకున్నా ఇదే వర్తిస్తుంది. సీసం పని ఆపాక రక్తంలో దాని మోతాదు ఇంచుమించు నెలకు సగం చొప్పున తగ్గుతూ పోతుంది, ఎముకల్లో చేరినది మాత్రం దశాబ్దాల తరబడి ఉండిపోతుంది. పదేళ్లు రుద్దిన మనిషి పని మానేసి ఆరు నెలల తరువాత పరీక్షకు వెళ్తే అంకె చిన్నదిగా కనిపించవచ్చు. మానేసేదైతే పరీక్ష చేయించుకుని మానేయాలి.

పరిహారం విషయంలో మీవారి స్థితి మీరు అనుకున్నంత బలహీనం కాదు. పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోటికి ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది, నెలకు 21,000 రూపాయలు మించని జీతం ఉన్నవారు దాని కిందికి వస్తారు. యజమాని ఇంతకాలం నమోదు చేయించకపోవడం ఆయన తప్పే తప్ప కార్మికుడి హక్కు పోవడానికి కారణం కాదు. సీసం వల్ల వచ్చే జబ్బులు వృత్తి రోగాల పట్టికలో ఉన్నాయి, అదే యజమాని దగ్గర వరుసగా ఆరు నెలలు ఆ పని చేసి ఉంటే జబ్బు పనివల్లే వచ్చిందని చట్టం భావిస్తుంది. కాదని నిరూపించవలసిన భారం అవతలి వారిదే. ఇ.ఎస్.ఐ. డాక్టరు పనికి దూరంగా ఉండాలని ధ్రువీకరించిన రోజులకు జీతంలో ఇంచుమించు 90 శాతం వస్తుంది. ఇ.ఎస్.ఐ. లేనివారు ఇదే పట్టిక ఆధారంగా యజమాని నుంచే పరిహారం కోరవచ్చు. అయితే వీటన్నిటికీ ముందు ఆయన అక్కడ పనిచేస్తున్నారన్న ఆధారం కావాలి. శనివారం డబ్బు చేతికి తీసుకునే పద్ధతి మార్చి, వీలైతే ఫోనులోనో బ్యాంకులోనో వేయించుకోమనండి. హాజరు పుస్తకం ఉంటే ఆయన పేరున్న పేజీలు ఫొటో తీసుకోవాలి. షెడ్డులో రంగు డబ్బాల లేబుళ్లు కూడా.

బావగారితో మాట్లాడాలా, మాట్లాడితే ఎవరు మాట్లాడాలి? మీరు ఒక్కరే వెళ్లి ఫిర్యాదు చేసినట్టు కాకుండా మీవారు వెళ్లడమే సబబు. అప్పు ప్రస్తావన రాకుండా ఉండదు. అప్పు అప్పే, దాన్ని అప్పుగానే తీర్చాలి. అది తీరేదాకా ఫలానా పనిలోనే ఉండాలనే హక్కు ఎవరికీ లేదు. అడ్వాన్సు పేరిట మనిషిని కట్టిపడేయడాన్ని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నిషేధించింది. ఈ మాట బావగారి ముఖం మీద అనమని చెప్పడం లేదు, మీకు మీరు తెలుసుకుని ఉండండి. ఆయనను అడగవలసినవి పెద్ద ఖర్చులు కావు. పొడిగా రుద్దకుండా తడి ఎమరీ కాగితంతో రుద్దడం, గీకుడు పనికి ఒక మూల వేరుగా తెర కట్టడం, చేతిరుమాలు ముక్కుకు కట్టుకునే బదులు సన్నని దుమ్మును వడకట్టే మాస్కు, స్ప్రే చేసేటప్పుడు ఆవిరిని పీల్చే గుళిక ఉన్న మాస్కు, సబ్బు, నీళ్లు, బట్టలు మార్చుకునే చోటు, షెడ్డులోనే అన్నం తినకుండా, బీడీ కాల్చకుండా చూడడం. బెల్లం ఇస్తున్నామని ఆయన అనవచ్చు. ఆ బెల్లం వెనక మంచి మనసే ఉండవచ్చు, కానీ ఊపిరితిత్తుల్లోకి, రక్తంలోకి పోయిన సీసాన్ని అది బయటికి తీయలేదు. పైగా అదే దుమ్ము చేతులతో పట్టుకుని తింటే ఇంకొంత లోపలికి పోతుంది.

ఈ దారిలో మంచి ఏమిటంటే బంధుత్వం చెడకుండా పని మారవచ్చు. ఆయన కూడా అదే షెడ్డులో రోజంతా నిలబడే మనిషి కాబట్టి ఆయన రక్తంలోనూ సీసం ఉండే అవకాశం ఉంది. ఇద్దరూ కలిసి పరీక్షకు వెళ్దామని మీవారు అనగలిగితే మాట వేరుగా ఉంటుంది. చెడు ఏమిటంటే ఆయన నొచ్చుకుని, 'నీకు కష్టమైతే మానెయ్' అనవచ్చు. అందుకే మాట్లాడడానికి ముందే పరీక్ష రిపోర్టు, హాజరు ఆధారాలు చేతిలో ఉండాలి. మీవారు ఒక్కరే కాక ఇంకో ఇద్దరు పెయింటర్లు కలిసి అడిగితే ఒక్కడి తలమీద పడదు.

ఆ పదహారేళ్ల కుర్రాడి విషయాన్ని మాత్రం నేను మిగతా వాటితో కలపలేను. పద్దెనిమిది నిండనివారిని ప్రమాదకరమైన పనిలో పెట్టడం 2016లో సవరించిన బాల, కౌమార కార్మిక చట్టం కింద నేరం. ఇది తనిఖీ నోటీసుతో ఆగదు, పోలీసు కేసు దాకా పోతుంది. అతణ్ణి వెంటనే రుద్దుడు పని నుంచి తప్పించమని బావగారికి ముందు చెప్పండి. వినకపోతే పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయవచ్చు. బావగారి మీద కేసు వస్తుందేమోనని మీరు భయపడుతున్నారు, ముందే చెప్పి తప్పించడమే ఆయనకు మీరు చేసే ఉపకారం.

అధికారులకు ఫిర్యాదు చేయడం చివరి దారి అని మీరు అనుకుంటున్నారు, నేను అలా అనుకోవడం లేదు, కానీ మొదటి దారి కూడా కాదు. షెడ్డు మూతపడుతుందా అన్న మీ భయానికి సమాధానం ఏమిటంటే, సాధారణంగా లోపాలు దిద్దుకోమని నోటీసు ఇస్తారు. ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉందని తేలితేనే పని ఆపమంటారు. కొత్త కోడ్‌లో తనిఖీ అధికారికి యజమానికి సలహా ఇచ్చే బాధ్యత కూడా పెట్టారు. ఫిర్యాదు చేసిన వారి పేరు బయటపెట్టకూడదన్న నియమం ఉన్న అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశం 1949లోనే ఆమోదించింది. కానీ పద్నాలుగు మంది ఉన్న షెడ్డులో అధికారి వచ్చిన మర్నాడే ఎవరు రాశారో ఊహించడం ఎవరికైనా తేలికే. ఇ.ఎస్.ఐ. బకాయిలు, జరిమానాలు కూడా బావగారి మీద పడతాయి, బంధుత్వంలో ఆ మచ్చ కొన్నేళ్లు ఉండిపోవచ్చు. దీన్ని దాచి మీకు ధైర్యం చెప్పడం నా పని కాదు. అదే సమయంలో, డాక్టరు చట్టప్రకారం తన రిపోర్టు తాను పంపితే అది మీ ఫిర్యాదు కాదు. ఈ తేడా బంధువుల ముందు మీకు అక్కరకు రావచ్చు.

మీవారు ఏదీ ఒప్పుకోకపోతే? ఆయన అన్నం మానిన రాత్రి గురించి రాశారు. తన వల్లే బిడ్డకు ఇలా అయిందన్న బాధ ఆ మొండితనం వెనక ఉందని నా అనుమానం. 'నీ వల్లే' అనే మాట మీ నోటినుంచి గానీ అత్తగారి నోటినుంచి గానీ రాకుండా చూడండి. పరీక్షను బాబు వైద్యంలో భాగంగా పిల్లల డాక్టరు చేతనే అడిగించండి. ఇంట్లో అందరి రక్తం చూస్తేనే సీసం ఎక్కడినుంచి వస్తోందో తెలుస్తుందని ఆయన చెప్పేది నిజం కూడా. వచ్చే వారంలో మీరు, మీవారు, బాబు ముగ్గురూ ఒకే రోజున రక్తం ఇచ్చి రండి. మీవారి చీటీలో చేసే పని ఏమిటో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో డాక్టరు చేత రాయించుకోండి. ఆ రిపోర్టుల అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకుని, ఎవరికి ఇవ్వవలసి వచ్చినా జిరాక్సు మాత్రమే ఇవ్వండి.